పాడే ఒంటికి కుట్టడం: ఒక పాప్ సింగర్ స్టేజ్ డ్రస్సుల కేస్ స్టడీ

హైదరాబాద్ కృష్ణానగర్‌లో మా షాపు నిలువుటద్దం ముందు ఆ రవిక చక్కగా కూర్చుంది. భుజం దగ్గర ముడత లేదు, వీపు దగ్గర లాగుడు లేదు. సింగర్ అటు తిరిగి ఇటు తిరిగి ఫొటోలు కూడా తీసుకుంది. మర్నాడు డాన్స్ రిహార్సల్ హాల్లో రెండు చేతులూ పైకెత్తి పల్లవి అందుకోగానే రవిక అంచు మూడు అంగుళాలు పైకి లేచింది. చేతులు దించింది, రవిక మాత్రం దిగలేదు. పాట ఆపి, అంచు కిందికి లాక్కుని, నా వైపు చూసి, "అక్కా, నేను బొమ్మలెక్క నిలబడి పాడను గదా" అంది.

పద్నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అందులో మొదటి ఎనిమిదేళ్ళు సినిమా కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో గడిచాయి. సినిమాలో రవిక పైకి లేస్తే కట్ చెప్తారు, అసిస్టెంట్ పరుగెత్తి సర్దుతాడు, మళ్ళీ షాట్ తీస్తారు. స్టేజి మీద కట్ ఉండదు. అది తెలిసి కూడా పాత అలవాటు కొద్దీ ఆమెను నిటారుగా నిలబెట్టి కొలతలు తీశాను. ఈ కేసు రాయడానికి సగం కారణం ఆ తప్పే.

సింగర్ పేరు రాయను, ఒప్పందంలో ఆ షరతు ఉంది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, సొంత పాటలు, సొంత బ్యాండ్. వాళ్ళది దేవరకొండ వైపు ఒక లంబాడా తండా. గచ్చిబౌలి వైపు ఓపెన్ గ్రౌండ్‌లో డిసెంబరు రాత్రి గంటా నలభై నిమిషాల కచేరీ. మూడు డ్రస్సులు కావాలి. మొదటిది పేటియా, కాంచళి, అంటే లంబాడా పరికిణీ, వీపు తెరిచి తాళ్ళతో కట్టే రవిక. రెండోది ఫాస్ట్ పాటలకు నలుపు, వెండి రంగుల జంప్‌సూట్, అంటే పైనా కిందా కలిసిన ఒంటిముక్క డ్రస్సు. మూడోది చివరి నాలుగు పాటలకు పోచంపల్లి ఇక్కత్ పొడవు కోటు. మా చేతిలో ఉన్నది 41 రోజులు.

మేనేజర్ ఫోన్ నిండా ఫొటోలు తెచ్చాడు. 1990లో మడోన్నా టూర్‌కి జాన్ పాల్ గోతియే చేసిన కోన్ ఆకారపు కార్సెట్ ఉంది, మైకేల్ జాక్సన్ జాకెట్లు ఉన్నాయి. అవి నేనూ చూస్తాను, ఇష్టం కూడా. కానీ ఫొటోలో కనిపించని సంగతి ఒకటి ఉంటుంది. జాక్సన్ 45 డిగ్రీలు ముందుకు వాలే స్టెప్పు కోసం ఆయనా, ఆయన కాస్ట్యూమ్ వాళ్ళిద్దరూ కలిసి బూట్లకు పేటెంట్ తీసుకున్నారు. 1993లో వచ్చింది. మడమలో ఒక గాడి, స్టేజి నేలలోంచి లేచే ఒక మేకు, ఆ మేకుకు గాడి తగులుకుంటుంది. ఆ బూటు నేలతో కలిపి ఆలోచించింది, ఫొటో చూసి బూటు ఒక్కటే కుట్టిస్తే మనిషి బోర్లా పడతాడు. మేనేజర్‌కి ఇది చెప్పి, "మీ స్టేజి ప్లాన్, పాటల వరుస, లైటింగ్ ఆయన నంబరు ఇవ్వండి, ఫొటోలు తర్వాత చూద్దాం" అన్నాను. నంబరు రావడానికి పన్నెండు రోజులు పట్టింది.

మళ్ళీ రవిక దగ్గరికి వస్తాను. మా మాస్టర్ సాబ్ పాతబస్తీలో షేర్వానీలు కోసిన చేయి. హాల్లో జరిగింది చెప్తే ఆయన రవికను టేబుల్ మీద పరిచి, చంక దగ్గర వేలు పెట్టి, "ఇది కిందికి దిగింది అమ్మా. పైకి జరపాలె" అన్నాడు. చంక లోతుగా కోస్తే చెయ్యి ఫ్రీగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు పక్క కుట్టు అంత పైకి లాక్కుపోతుంది, దాంతోపాటు డ్రస్సు మొత్తం లేస్తుంది. చంకను ఒంటికి ఆనుకునేంత పైకి కోసి, ఎత్తడానికి కావలసిన గుడ్డ చేతి కిందే ఇస్తే, చెయ్యి తన పాటికి తాను లేస్తుంది. అందుకు మాస్టర్ సాబ్ వాడింది కొత్త టెక్నిక్ కాదు. పాత కుర్తాల్లో చంక కింద వేసే పలక ముక్క, ఆయన భాషలో చౌబగ్లా. సాగే కాటన్ లైక్రాలో ఆ ముక్కను ఏటవాలుగా కోసి వేశాడు. రెండో ట్రయల్‌లో అంచు అరంగుళం కదిలింది, అంతే.

కొలతలు కూడా మళ్ళీ తీశాను. ఈసారి ఆమెను పాడమన్నాను. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కింద చుట్టుకొలత 29 అంగుళాలు. పొడవైన ఆలాపన ముందు ఊపిరి నిండా తీసుకున్నప్పుడు 31కి పావు తక్కువ. ముందుసారి నేను రాసుకున్నది 29న్నర. ఆ కొలతతో గట్టిగా కుట్టి ఉంటే ఆమె ప్రతి పొడవు లైనూ మధ్యలో తెగేది, తప్పు గొంతుది అనుకునేవాళ్ళు. తర్వాత వంగోమన్నాను, కూర్చోమన్నాను, ఎడమ చేతిలో మైకు పట్టుకుని కుడి చెయ్యి వెనక్కి తిప్పమన్నాను. మెడ నుంచి నడుము దాకా వీపు పొడవు నిలబడినప్పటికీ వంగినప్పటికీ రెండు అంగుళాలు తేడా. ఇప్పుడు మా షాపులో సింగర్ల కొలతల పుస్తకం వేరు, ఒక్కో కొలతకు మూడు గళ్ళు ఉంటాయి.

ఇక అద్దాలు. ఈ పనిలో సగం రోజులు వీటికే పోయాయి.

ఆమె అమ్మమ్మ పేటియా ఒకటి ఇంట్లో ఉంది. మేనేజర్ దాన్ని కోసి కొత్త పరికిణీలో అతికిద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఆమె అసలే ఒప్పుకోలేదు. దాన్ని ముందు పెట్టుకుని కుట్లు, వరుసలు, గవ్వల చోట్లు కాగితం మీద గీసుకున్నాం. తండా నుంచి అయిదుగురు ఆడవాళ్ళు షాపుకు వచ్చారు. యూసుఫ్‌గూడలో ఒక గది తీసుకుని పంతొమ్మిది రోజులు ఉన్నారు. ఈవెంట్ కంపెనీ వాళ్ళు అద్దానికి ఇంత అని లెక్క కట్టమన్నారు. నేను రోజు కూలీ లెక్కన మాట్లాడాను. అద్దానికి ఇంత అంటే ఎవరైనా చెయ్యి తొందర పెడతారు, తొందరలో కుట్టిన అద్దం మూడో పాటకే రాలుతుంది.

మొదటి శాంపిల్ పేటియా తూకం వేస్తే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు వచ్చింది. లెక్క వేసి చూశాను. రెండు సెంటీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరున్నర మందం ఉన్న గాజు అద్దం ఒక్కొక్కటి గ్రాముకు కొంచెం పైన ఉంటుంది. ఆరు వందల అద్దాలంటే ఏడు వందల గ్రాముల పైమాటే. అదే సైజులో మిల్లీమీటరు మందం యాక్రిలిక్ అద్దమైతే గ్రాములో మూడోవంతు చిల్లర, మొత్తం కలిపినా పావు కిలో దాటదు. బరువు ఒక్కటే కాదు, ఇంకో భయం కూడా ఉంది. ఆమె వెనక ఎనిమిది మంది డాన్సర్లు, మొదటి రెండు పాటల్లో కాళ్ళకు చెప్పులు లేవు. గిరగిరా తిరిగేటప్పుడు ఒక్క గాజు అద్దం రాలి పగిలినా ఎవరో ఒకరి పాదంలో దిగుతుంది.

సైన్‌బోర్డులు చేసే షాపులో యాక్రిలిక్ షీటును లేజర్‌తో బిళ్ళలుగా కోయించి తెచ్చాను. అయిదుగురిలో పెద్దావిడ ఒక బిళ్ళను గోటితో కొట్టి చప్పుడు విని, "ఇది అద్దం కాదు బిడ్డా, డబ్బా మూత" అంది. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పందం ఇదీ: కాంచళి మీద, పేటియా పై భాగంలో అసలు గాజు. తొడ కింద నుంచి అంచు దాకా యాక్రిలిక్. గవ్వలు మాత్రం అన్నిచోట్లా అసలువే, బేగంబజార్ నుంచి తెచ్చాం. అంచు పట్టీకి లోపల బక్రం అనే గట్టి గుడ్డ తీసేసి మెత్తని కాన్వాస్ వేశాం. చివరి బరువు రెండు కిలోల వంద గ్రాములు.

బిళ్ళలను గమ్‌తో అతికించేస్తే రెండు రోజుల్లో అయిపోతుందని మా కుర్రాళ్ళ సలహా. ఒక పట్టీ అతికించి చూశాం. ఫోన్ టార్చ్ వేస్తే అన్ని బిళ్ళలూ ఒక్కసారే భగ్గుమని మెరిసి, ఒక్కసారే ఆరిపోయాయి. అన్నీ ఒకే చదునులో ఉన్నాయి మరి. చేత్తో కుట్టిన పట్టీ మీద అదే టార్చ్ వేస్తే ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత, చెరువు మీద ఎండలా కదిలింది. చేతి కుట్టులో ఒక్కో అద్దం ఒక్కో వైపు వెంట్రుకవాసి ఒరిగి ఉంటుంది. కెమెరావాళ్ళకు కూడా ఒక్కసారే కొట్టే మెరుపుతో ఇబ్బంది, బొమ్మ తెల్లబడిపోతుంది. యాక్రిలిక్‌ను కూడా చేత్తోనే కుట్టించాను.

రెండు కిలోల పరికిణీ ఎక్కడ వేలాడాలి అనేది ఇంకో తలనొప్పి. నడుము దగ్గర నాడా బిగిస్తే పొట్ట కదలదు, పొట్ట కదలకపోతే పాట రాదు. నాడా తీసేసి మూడు అంగుళాల వెడల్పు పట్టీని తుంటి ఎముకల ఒంపుకు తగ్గట్టు వంకరగా కోశాం. బరువంతా ఎముకల మీద కూర్చుంది. అలంకారానికి నాడా ముందు వేలాడుతూనే ఉంది, కుచ్చులతో సహా.

కాంచళి వీపు తెరిచే ఉండాలి, కానీ గంతులేసే పాటకు తాళ్ళు సరిపోవు. అందుకని వీపు మీద ఒంటిరంగు పవర్ నెట్, అంటే గట్టిగా సాగే వల గుడ్డ, వేశాం. సికింద్రాబాద్ జనరల్ బజార్ మొత్తం తిరిగినా "స్కిన్ కలర్" అంటే ఒకటే రంగు చూపించారు, పీచు పండు గులాబీ. ఎవరి స్కిన్నో తెలియదు. ఈ అమ్మాయిది చక్కటి చామనఛాయ. తెల్ల నైలాన్ నెట్ కొని, టీ పొడి డికాక్షన్‌లో నాలుగు ముక్కలు నాలుగు రకాల సేపు ముంచి, ఆమె వీపు మీద పెట్టి చూశాం. ఇరవై అయిదు నిమిషాల ముక్క కలిసిపోయింది. నైలాన్ కాబట్టి పట్టింది, పాలిస్టర్ నెట్‌కు ఈ రంగు అంటదు. షాపంతా రెండు రోజులు ఇరానీ హోటల్ వాసన వచ్చింది.

లైటింగ్ ఆయన నంబరు దొరికాక గుడ్డముక్కలు పట్టుకుని ఆయన గోడౌన్‌కే వెళ్ళాను. రెండో పాట మొత్తం నీలం లైటు అన్నాడు. నీలం వేసి చూపించాడు. మా ఎర్ర పేటియా ముక్క బొగ్గులా నల్లబడింది. ఎరుపు గుడ్డ ఎర్ర వెలుతురునే తిప్పి పంపుతుంది, ఎల్ఈడీ నీలంలో ఎరుపు అసలే ఉండదు కాబట్టి తిప్పి పంపడానికి ఏమీ మిగలదు. పాత పసుపు బల్బుల ముందు రంగు కాగితం పెట్టి వేసే రోజుల్లో ఎంతో కొంత కలగలిసి వచ్చేది. పేటియా రంగు మార్చను, అది లంబాడా ఎరుపు. ఆయన లైటు మార్చడు, వెనక తెర మీద బొమ్మలన్నీ దానికే తయారయ్యాయి. ఇద్దరం టీ తాగి తేల్చుకున్నది ఏమిటంటే, పక్క నుంచి ఒక తెల్ల లైటు సన్నగా వేస్తాడు, నేను అంచు మీద తెల్ల దారం, గవ్వలు రెండు వరుసలు పెంచుతాను. నీలంలో ఒళ్ళు నల్లటి నీడలా, అంచు తెల్లటి వలయంలా కనిపించింది. ముందే అనుకుని చేశామని చాలామంది మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

జంప్‌సూట్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. అది జంప్‌సూట్ కాదు. మొదటి డ్రస్సుకూ రెండోదానికీ మధ్య ఖాళీ డెబ్బై సెకన్లు, డ్రమ్స్ మాత్రమే వాయించే టైమ్. అంతలో రెండు కిలోల పరికిణీ విప్పి ఒంటిముక్క డ్రస్సులోకి ఎవరూ దూరలేరు. అందుకే ప్యాంటును పేటియా కిందే వేసుకునేట్టు, పైముక్కను కోటులా వెనక నుంచి తొడిగేట్టు కోసి, నడుము దగ్గర వెండి పట్టీతో అతుకు కనిపించకుండా చేశాం. పేటియాకు మొదట వెల్‌క్రో పెట్టాం. బరువుకు నిలిచింది గానీ, విప్పేటప్పుడు చర్రుమనే చప్పుడు మైకులోకి పోయింది, పైగా అద్దాల దారాలను పట్టుకుని పీకింది. తీసేసి పెద్ద ప్యాంటు హుక్కులు రెండు, ఒక టిచ్ బటన్ పెట్టాం. పైముక్కకు కనిపించని సన్న జిప్ వద్దని పంతం పట్టాను. చెమటలో అది సగంలో ఆగిపోతుంది. లావు ప్లాస్టిక్ పళ్ళ జిప్ వేసి, లాగడానికి చివర బొటనవేలంత ఉంగరం కట్టాం. చీకట్లో చేతికి దొరకాలి కదా.

వైర్‌లెస్ మైకు డబ్బా (ప్యాక్), తన పాట తనకు వినిపించేలా చెవిలో పెట్టుకునే మానిటర్ ప్యాక్ ఏ డ్రస్సుకూ కుట్టలేదు. లోపల వేరే ఎలాస్టిక్ బెల్ట్, దానికి రెండు జేబులు, అది మూడు డ్రస్సులకూ ఒంటి మీదే ఉంటుంది. వీపు మీదుగా వైరు పోవడానికి ప్రతి పైముక్క లోపలా సన్న గొట్టం కుట్టు. చెమట దిగకుండా సౌండ్ వాళ్ళు ప్యాక్‌కు కండోమ్ తొడుగుతారు, ఇది చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. మా కుర్రాణ్ణి మెడికల్ షాపుకు పంపి డజను తెమ్మంటే, బిల్లు మీద షాపు పేరు రాయించాలా అక్కా అని అడిగాడు.

డ్రస్ మార్చే రిహార్సల్ మొదటిసారి రెండు నిమిషాలు. ముగ్గురు మనుషులు, ఆరు చేతులు, అన్నీ ఒకదానికొకటి అడ్డం. ఎవరు ముట్టుకోవాలో, ఎవరు ముట్టుకోకూడదో పంచుకున్నాం. నేను హుక్కులు, ఇంకో అమ్మాయి పైముక్క, మూడో అమ్మాయి మంచినీళ్ళు, తువ్వాలు, బూట్లు. సింగర్ పని ఒకటే, చేతులు చాచి కదలకుండా నిలబడటం. అదే అన్నిటికంటే కష్టమని తేలింది, హుక్కు విప్పుతుంటే తనూ చెయ్యి వేసేది. లైట్లు ఆర్పి చేశాం. తొమ్మిదోసారికి అరవై రెండు సెకన్లు.

షోకి ముందు రోజు పెద్ద దెబ్బ తగిలింది. ఉతకడానికి వీల్లేని స్టేజ్ డ్రస్సుల చెమట వాసన పోవడానికి లోపలి వైపు వోడ్కాను నీళ్ళలో కలిపి స్ప్రే చేస్తాం, నాటకాల వాళ్ళ పాత చిట్కా. రిహార్సల్ అయ్యాక మా అసిస్టెంట్ వోడ్కాకు బదులు సర్జికల్ స్పిరిట్ నింపి, పేటియాను లోపలా బయటా తడిపేశాడు. పొద్దున చూస్తే కింది వరుసల్లో నలభై దాకా యాక్రిలిక్ అద్దాల్లో సాలెగూడులాంటి సన్నటి పగుళ్ళు. ఘాటైన ఆల్కహాల్ తగిలితే యాక్రిలిక్ అలా చిట్లుతుంది, కోసిన అంచుల దగ్గర మరీనూ. నాకు తెలుసు. అతనికి చెప్పలేదు. గాజుకు ఏమీ కాలేదు. పెద్దావిడ ఏమీ అనలేదు, సూది తీసుకుని కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి ఆఖరి అద్దం మార్చారు. ఆ గోలలో వేదిక దగ్గర ఇస్త్రీ కుర్రాడు స్టీమర్ పట్టుకుని రావడం, నేను అరవడం కూడా జరిగింది. వంద డిగ్రీల ఆవిరి తగిలితే యాక్రిలిక్ మెత్తబడి వంగిపోతుంది. అప్పట్నుంచి ప్రతి డ్రస్సు హ్యాంగర్‌కూ అట్టముక్క కడుతున్నాం, తెలుగులోనూ ఉర్దూలోనూ: ఇస్త్రీ వద్దు, స్పిరిట్ వద్దు.

ఇక్కత్ కోటు మాత్రం ఏ పేచీ పెట్టలేదు. సన్న గీతలు, చిన్న గళ్ళు ఉన్న గుడ్డ కెమెరాలో వణికినట్టు కనిపిస్తుంది, అందుకని జానెడు డిజైన్ ఉన్నది ఏరాను. ఇక్కత్‌లో నేయకముందే దారానికి రంగు అద్దుతారు కాబట్టి డిజైను అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి, దూరం నుంచి ఆ చెదురు అందంగా ఉంటుంది. ఇప్పటికీ ఎక్కువ మంది అడిగేది ఆ కోటు గురించే. మేం తక్కువ కష్టపడింది దానికే.

షో రాత్రి డ్రస్ మార్చడానికి అరవై ఆరు సెకన్లు పట్టింది. తొందరలో పేటియా హుక్కు ఒకటి వీపు నెట్‌కు తగులుకుని బెత్తెడు చిరిగింది. పైముక్క కింద ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఆమెకు మాత్రం తెలుసు, జంప్‌సూట్ పాటలు నాలుగూ వీపు వెనక్కి వాల్చకుండా పాడింది. వీడియోలో చూస్తే స్టైల్ అనుకుంటారు. హుక్కుకు, నెట్‌కు మధ్య గుడ్డ నాలుక ఒకటి వేసి ఉంటే సరిపోయేది.

ఖర్చు సంగతి. ముందు అనుకున్నదానికి నాలుగోవంతు ఎక్కువైంది, ఎక్కువైనదంతా చేతి పనికే. ఈవెంట్ కంపెనీ సగం అడ్వాన్స్ ఇచ్చింది, మిగతా సగంలో ఆఖరి వాయిదా నాలుగు నెలలకు వచ్చింది. తండా వాళ్ళ కూలీ మాత్రం షో మర్నాడే మా జేబులోంచి ఇచ్చేశాం. ఇప్పుడు కొత్త ఒప్పందాల్లో చేతిపని వాళ్ళ డబ్బు మొత్తం అడ్వాన్స్‌లోనే తీసుకుంటున్నాను.

స్టేజి ఊడ్చినవాళ్ళు ఒక ప్లాస్టిక్ కవరులో రాలిన అద్దాలు తెచ్చి ఇచ్చారు. లెక్కపెడితే పదిహేడు. అన్నీ యాక్రిలిక్కే. అంచు పదునుగా ఉండటంతో దారాన్ని లోపలి నుంచి కోసేసింది. గాజు అద్దాలకు అంచు రాయి మీద అరగదీసి కుడతారని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు పేటియా వరంగల్ షో కోసం మళ్ళీ షాపుకు వచ్చింది. పెద్దావిడ ఒక ఎమరీ కాగితం ముక్క ముందు పెట్టుకుని, బిళ్ళ అంచులు ఒక్కొక్కటే రుద్దుతూ కూర్చుంది. ఇంకా రెండు వందల దాకా ఉన్నాయి.